తుమ్మపువ్వు ముడి

ఆ చలికాలం గురించి ఎవరైనా అడిగితే, షార్జాలో మా కొత్త బ్రాంచి తెరిచిన సీజన్ అని చెప్తాను. అబద్ధమేం కాదు. 2023 ఫిబ్రవరిలో రిబ్బను కత్తిరించాం. కలీం సాబ్ తన చేత్తో నా మెడలో దండ వేశాడు. ఆ ఫొటో మా హాల్లో గోడకు వేలాడుతోంది. నేను మాత్రం ఆ గోడవైపు తలెత్తి చూడను. ఎందుకు చూడనో ఇవాళ చెప్పేస్తాను. చెప్పుకోవడానికి సిగ్గుచేటే. అయినా ఇన్నాళ్ళూ లోపల దాచుకుని ఏం బాగుపడ్డాను గనక!

నా పేరు ఖాదర్ హుస్సేన్. మాది రాయచోటి. బర్ దుబాయ్‌లో కలీం సాబ్ బట్టల దుకాణంలో చేరి, ఎనిమిదేళ్ళలో ఆయన కుడిచెయ్యి అనిపించుకున్నాను. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. మాట మెత్తన, చూపు పదును. చేరిన మొదటి వారంలోనే "మీ నాన్నగారు ఏం చేసేవారు మియా?" అని అడిగాడు. "పత్తి వ్యాపారం సాబ్" అన్నాను.

పత్తి నిజమే. వ్యాపారమే లేదు. మేం దూదేకులవాళ్ళం. మా నాయన ఏకుడు విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగేవాడు. జనం వసారాల్లో కూర్చుని పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిచ్చేవాడు. ఆ విల్లు తీగ చప్పుడు వీధి మలుపులో వినబడితే చాలు, నేను బడికి ఇంకో దారిన పోయేవాణ్ణి. తోటి పిల్లలు ఆ చప్పుడును నోటితో చేసి నన్ను ఏడిపించేవాళ్ళు మరి. మా అన్న నూర్ మొహమ్మద్‌నూ ఏడిపించేవాళ్ళు. వాడు పకపకా నవ్వేసి, వాళ్ళకంటే బాగా ఆ చప్పుడు చేసి చూపించి, నాయన వెనకాల దూది మూట మోసుకుంటూ పోయేవాడు.

దుబాయ్ దారి నాకు వేసింది ఆ అన్నే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో సోఫాలు కుట్టే వర్క్‌షాపులో పదిహేనేళ్ళు పనిచేశాడు. నాకు వీసా తెప్పించి, మొదటి ఆర్నెల్లు తన మంచం నాకిచ్చి తను నేలమీద పడుకున్నాడు. కరోనా తర్వాత ఆ వర్క్‌షాపు మూతపడింది. కొన్నాళ్ళు అటూ ఇటూ తిరిగి, రాస్ అల్ ఖైమాలో పని దొరికిందని ఫోన్ చేశాడు. "స్టోర్ ఇంచార్జి రా. కుర్చీలో కూచునే పని" అన్నాడు. నేను రెట్టించి అడగలేదు. గంటన్నర దారి. ఏడాదిన్నరలో ఒక్కసారి పోయి చూసిన పాపాన పోలేదు. "రావొద్దులే, యాడో కొండల్లో ఉండాది" అని వాడంటే సరేలే అనుకున్నాను. నాకూ అదే హాయిగా ఉండింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే కక్కేస్తాను. అంతకుముందు బక్రీదుకు అన్న మా ఫ్లాట్‌కు వచ్చాడు. కలీం సాబ్ మా బిల్డింగులోనే పై అంతస్తులో ఉంటాడు. లిఫ్టు దగ్గర ఎదురుపడి "ఎవరు మియా?" అన్నాడు. అన్న నలిగిన చొక్కాతో, కవర్లో మామిడిపళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మా ఊరాయన సాబ్" అన్నాను. అన్న సలాం పెట్టి, నవ్వి, లిఫ్టు మీట నొక్కాడు. పైకొచ్చాక ఆ మాటే ఎత్తలేదు. మా పాప తహ్మీనాను దగ్గరికి పిలిచి, నెత్తిమీద అరచేత్తో రెండు తట్లు తట్టి, బొటనవేలితో ఒకసారి నొక్కాడు. పరుపులో దూది ఉండలు కట్టిందేమో చూసే పద్ధతి అది. వాడు దిండునైనా, పుచ్చకాయనైనా, పసిబిడ్డనైనా అట్లాగే తట్టి నొక్కుతాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇక ఆ జనవరిలో కలీం సాబ్ కూతురు, అల్లుడు ఫరాజ్ హైదరాబాద్ నుంచి వచ్చారు. షార్జాలో బ్రాంచి పెట్టడం ఖాయమైపోయింది. అది నా చేతికొస్తుందా, అల్లుడి చేతికి పోతుందా అన్నదే తేలలేదు. దుకాణంలో అందరూ నా మొహం వంకా, ఫరాజ్ మొహం వంకా మార్చి మార్చి చూస్తున్నారు. నాకు అన్నం సయించడం లేదు.

"ఆదివారం అందరం ఎక్కడికైనా పోదాం మియా. నీ బీవీని, బిడ్డను కూడా తీసుకురా" అన్నాడు కలీం సాబ్ ఒకరోజు. ఎగిరి గంతేశాను. తహ్మీనాకు అప్పుడు ఏడేళ్ళు. బళ్ళో పాండాల మీద ఏదో ప్రాజెక్టు ఇచ్చారట, పొద్దున లేస్తే అదే పాట. పాండా రోజంతా తింటుంది, పాండా పిల్ల పుట్టినప్పుడు అరచేతిలో పడుతుంది, పాండాకు చలి కావాలి అంటూ మా ప్రాణాలు తోడేస్తోంది. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక ప్రకటన వచ్చింది. రాస్ అల్ ఖైమా కొండల్లో, లోతైన వాదీలో, అంటే ఎండిపోయిన వాగు లోయలో, 'పాండాల లోయ' అట. రెండు కొండల నడుమ పచ్చటి వెదుళ్ళు, వెదురు నములుతూ రెండు పాండాలు.

"ఈ ఎండలకు అవి బతుకుతాయా?" అంది కలీం సాబ్ భార్య, బేగం సాహెబా.

"మాల్ లోపల మంచు కురిపించినవాళ్ళకు రెండు పాండాలను పెంచడం ఒక లెక్కా అమ్మీ?" అన్నాడు ఫరాజ్.

నిజమే కదా అని అందరం తలూపాం. ఈ దేశంలో నాలుగేళ్ళు ఉంటే చాలు, ఏది చెప్పినా నమ్మడం అలవాటైపోతుంది. "నాకు తెలిసినవాళ్ళు చూసొచ్చారు సాబ్. నిఖార్సైన పాండాలు" అని నేను ఇంకో మెట్టెక్కాను. ఎవరూ చూసి రాలేదు. నోటి దురద.

ఆ ఆదివారం పొద్దున నా భార్య గౌసియా పాపకు జడ వేస్తూ, "రాస్ అల్ ఖైమా అంటే బావ ఉండే ఊరే గదా. ఒక ఫోన్ చేయండి. దారిలో చూసొద్దాం" అంది.

"కలీం సాబ్ వాళ్ళతో పోతా యాడ చూస్తాం? ఇంకోసారి చూద్దాంలే" అన్నాను. గౌసియా నా వంక ఒక చూపు చూసి, జడకు రబ్బరు బ్యాండు బిగించింది. పాప కుయ్యోమంది.

రెండు కార్లలో బయల్దేరాం. ఊరు దాటాక ఇసుక, ఇసుక దాటాక రాళ్ళ లారీలు, లారీలు దాటాక కొండలు. పచ్చ అన్నది మచ్చుకైనా లేని కొండలు, కాల్చిన ఇటుకల రంగులో. వాదీ లోపలికి దిగుతుంటే రెండువైపులా రాతిగోడలు లేచి ఎండ మాయమైంది, చల్లగాలి తగిలింది. "మాషా అల్లా!" అన్నాడు కలీం సాబ్. నా ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బు టికెట్టు కౌంటరు దాకానే.

లోపల వెదుళ్ళు ప్లాస్టిక్‌వి, బండలకు తీగలతో కట్టారు. వాటి నడుమ పాండాలు ఉన్నాయి. రెండేం ఖర్మ, ఇరవై ఉన్నాయి. అన్నీ ఫైబర్‌వే. ఒకటి ఉయ్యాల మీద, ఒకటి చెట్టుకొమ్మ మీద, ఒకటి చేతిలో కరక్ చాయ్ కప్పుతో.

తహ్మీనా ఒకదాని ముక్కు కింద వేలు పెట్టి చూసి, "నాయనా, ఇవి ఊపిరి తీసుకోవట్లేదు" అంది. బయట 'అబ్బా' అని పిలవమని దానికి వందసార్లు నేర్పాను. ఏడుపు వస్తే మాత్రం దానికి నాయనే గుర్తొస్తాడు.

"నిఖార్సైన పాండాలు!" అన్నాడు ఫరాజ్, నా గొంతును అనుకరిస్తూ. బేగం సాహెబా కిసుక్కున నవ్వింది. కలీం సాబ్ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. బ్రాంచి మాట దేవుడెరుగు, సోమవారం దుకాణంలో నా మొహం ఎట్లా చూపించాలా అనిపించింది.

అప్పుడొచ్చాడు బండ వెనకనుంచి, పాండా వేషం వేసుకున్న మనిషి. పెద్ద తలకాయ, కుండలాంటి పొట్ట. గెంతుకుంటూ వచ్చి పిల్లలకు చేతులు ఊపాడు. ఒంటికాలి మీద గిర్రున తిరిగాడు. ఏడవబోయిన మా పాప నవ్వింది. ఫరాజ్‌కు హుషారొచ్చింది. ఫోను భార్య చేతికిచ్చి "తీయ్, తీయ్" అంటూ పోయి పాండాతో కుస్తీకి దిగాడు. మెడపట్టు పట్టాడు, పెద్ద తలకాయ మీద టపటపా కొట్టాడు. వేషగాడు కూడా రెండు చేతులెత్తి ఓడిపోయినట్టు నటించాడు. చుట్టూ జనం మూగారు. అమ్మయ్య, ఫరాజ్ నవ్వుతున్నాడు అనుకుని నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఫరాజ్ వదిలేశాక పాండా నా వైపు తిరిగింది. పొట్ట మీద తెల్ల గుడ్డ ఎప్పుడో చిరిగినట్టుంది. దానికి వేసిన అతుకు మీద వరసగా ముళ్ళు కనిపించాయి. దారాన్ని రెండు చుట్లు చుట్టి, కొసను దువ్వి, గుండ్రంగా తుమ్మపువ్వులాగా విప్పిన ముళ్ళు. పరుపు కుట్టేటప్పుడు మా నాయన వేసే ముడి అది. మా ఇంట్లో తప్ప ఎవరూ అట్లా వేయరు. నాయన పోయేదాకా నాకు నేర్పాలని చూశాడు, నేను నేర్చుకోలేదు. అన్న నేర్చుకున్నాడు.



పాండా మా పాపను చూసింది. చూసి ఆగిపోయింది. అంతవరకూ గెంతిన మనిషి మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ నల్లటి పెద్ద చేతిని చాపి, తహ్మీనా నెత్తిమీద రెండు తట్లు తట్టి, ఒకసారి నొక్కింది.

ఇది బాగా వినండి. నేను గుర్తుపట్టాను. అనుమానం కాదు, పొరపాటు కాదు. అది మా అన్న అని నాకు తెలిసిపోయింది.

"అరే ఖాదర్ మియా, ఈ పాండా మీ అమ్మాయిని గుర్తుపట్టినట్టుందే! మీ చుట్టమా ఏంది?" అన్నాడు కలీం సాబ్. ఊరికే, నవ్వులాటకే అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు మా బడి దారి, విల్లు తీగ చప్పుడు, పత్తి వ్యాపారం అన్నీ ఒక్కసారిగా వినబడ్డాయి. పాపను చటుక్కున వెనక్కి లాగాను. "హటో! దూర్ హటో! బచ్చీకో హాథ్ మత్ లగావో!" అని అరిచి, రెండు చేతులతో పాండా ఛాతీ మీద తోశాను.

మోకాళ్ళ మీద ఉన్న మనిషి వెల్లకిలా పడ్డాడు. చంక కింద కుట్టు పర్రుమని తెగింది. ఆ పొట్టతో లేవడం రాక, తిరగబడిన తాబేలు మాదిరి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. జనం విరగబడి నవ్వారు. ఫరాజ్ భార్య ఇంకా వీడియో తీస్తూనే ఉంది. అందరూ నవ్వుతున్నారని నేనూ నవ్వాను. నా చేతివేళ్ళకు ఆ ముళ్ళ గరుకు తగిలి ఉంది, నోరు మాత్రం నవ్వుతోంది.

అన్న ఎట్లాగో పక్కకు దొర్లి లేచాడు. లేచి, ఒంటికాలి మీద ఇంకోసారి గిర్రున తిరిగి, జనానికి చేతులు ఊపి, బండ వెనక్కి పోయాడు. కుంటుతున్నాడు.

మధ్యాహ్నం చాపలు పరిచి బిర్యానీ తింటుంటే ఫరాజ్ ఆ వీడియో పదిసార్లు వేసుకుని చూశాడు. "మామూ, ఈ ఖాదర్ భాయ్ ఉంటే ఎక్కడైనా మజా. షార్జాలో ఈయన్నే పెట్టండి, నాకు హైదరాబాద్ చాలు" అన్నాడు. కలీం సాబ్ నా భుజం తట్టాడు. అట్లా వచ్చింది నాకు బ్రాంచి. నోట్లో ముద్దను నీళ్ళతో మింగాను.

ఇంటికొచ్చాక గౌసియా చెప్పులు విడుస్తూ, "పాప నెత్తిన చెయ్యి పెట్టినందుకు అంత కోపమా? పాపం, వాడు ఎవరి బిడ్డో" అంది. నేను స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

ఫరాజ్ ఆ వీడియోను లోకం మీదికి వదిలాడు. పది పన్నెండు రోజుల్లో అది తిరిగి తిరిగి రాయచోటి చేరింది. దుకాణంలో కొత్త సరుకు విప్పుతుంటే పొద్దున పదకొండుకు అమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ హుస్సేనమ్మ ఆ వేళప్పుడు ఎప్పుడూ చేయదు. గోదాములోకి పోయి ఎత్తాను.

"ఖాదరూ, యాడుండావు? పక్కన యెవరన్నా ఉండారా?"

"లేరు చెప్పుమా."

"ఎదురింటి పిల్ల ఒక ఈడియో చూపించ్చ. నువ్వు ఒక ఎలుగ్గొడ్డును తోస్తాండావు. ఆ గొంతు నీదే గదా?"

"అది పాండా అమ్మా" అన్నాను. ఎంత తెలివైన జవాబో చూడండి.

"ఏదో ఒకటి. దాన్ని నిలబెట్టించి చూసినా. పొట్ట మింద మీ నాయన ముడి ఉండాది రా. ఈ భూమ్మీద ఆ ముడి ఏసేటోళ్ళం ఇద్దరమే, నేనూ నూరూ." ఆమె గొంతు ఆగింది. "దాని లోపల ఉండేది నూరు గదా?"

బట్టల మూటల మధ్య కూలబడ్డాను.

"వాడు స్టోరులో కుర్చీలో కూచుంటా అన్న్యాడే. ఆ యాసం యేసుకుని జనంతో తన్నులు తింటాండాడా?" అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "నువ్వు గుర్తుపట్టలేదు గదా నాయనా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట. అమ్మ ఎదురుగా కూడా లేదు, మూడు వేల కిలోమీటర్ల అవతల ఉంది.

"లేదుమా. నాకేం తెలుసు" అన్నాను.

"అదీ! నేనూ అదే అనుకుంటి. తలకాయ కప్పేసుకుంటే యెవురు గుర్తుపడతారు? గుర్తుపట్టింటే నువ్వు తోస్తావా, మీ అన్నను?" ఆమె ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడడం నాకు వినబడింది. "నాకు తెలిసిపోయిందని వానికి చెప్పొద్దు. సిగ్గుపడతాడు. స్టోరు అన్న్యాడు, స్టోరులోనే ఉండనీ. నువ్వు రోంత పోయి చూసిరా నాయనా. కాలు కుంటుతాండాడు ఆ ఈడియోలో."

పోతానన్నాను. పోలేదు. బ్రాంచి పనులు నెత్తిన పడ్డాయి, రిబ్బను, దండ, దావత్. ఇవన్నీ సాకులే. అన్న ఫోన్ చేస్తే ఎత్తడానికి భయమేసేది. వాడు చేయలేదు. వారానికోసారి చేసే మనిషి ఆ రెండు నెలలూ చేయలేదు.

రంజాన్‌కు వారం ముందు, ఒక మంగళవారం పొద్దున, బ్యాంకు పనుందని చెప్పి ఒక్కణ్ణే కారు తీశాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిప్పుదామా అనుకున్నాను. వాదీలో ఎండ ముదిరింది. లోపలికి పోతే ఒకచోట జనం వరస కట్టి నిలబడి ఉన్నారు. ఏమిటా అని తొంగి చూశాను.

వరస చివర పాండా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వరసలో ఒక్కొక్కరే ముందుకొచ్చి, రెండు చేతులతో ఛాతీ మీద తోస్తున్నారు. పాండా వెల్లకిలా పడి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. పక్కన నిలబడ్డవాళ్ళు వీడియో తీస్తున్నారు. లేచి, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంటోంది. ఒకాయన తోస్తూ "దూర్ హటో!" అని కూడా అన్నాడు, అచ్చం నా గొంతుతో. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను ఆ వరస దగ్గర్నుంచి పక్కకు వచ్చి, బండ వెనక షెడ్డు దగ్గర కూర్చున్నాను. చెవులు మూసుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

పన్నెండింటికి అన్న వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. రెండు చేతులతో ఆ తలకాయ ఎత్తి తీశాడు. మొహమంతా చెమట, నెరిసిన గడ్డం తడిసి అంటుకుపోయింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"ఎప్పుడొస్తివి? తింటివా?" అన్నాడు, ఏమీ జరగనట్టు. టిఫిన్ డబ్బా తీసి మూతలో నాకు అన్నం పెట్టాడు. పప్పు, ఎండుమిరపకాయలు. నేను మూత పట్టుకుని కూర్చున్నాను.

"స్టోరు అంటివే" అన్నాను. ఎదుటివాణ్ణి నిలదీయడమే తేలిక కదా.

"మొదట స్టోరే. తర్వాత ఈ యాసం మనిషి ఊరికి పాయ. ముదీర్, అదే మా మేనేజరు, నన్ను ఏసుకోమన్న్యాడు. బాగుంటాది రా. లోపల యెవుడుండాడో యెవడూ అడగడు." నవ్వాడు. "మీ ఈడియో వచ్చినాక జనం యెక్కువైనారు. తోసే ఆట పెట్టించినాడు ముదీర్. రోజుకు నూరుసార్లు పడతా. మోకాలు రోంత పట్టేసింది, అంతే."

చంక కింద కుట్టు మళ్ళీ విడిపోయి ఉంది. వేషం సగం దాకా దించి, డబ్బాలోంచి సూది దారం తీశాడు. సూదిని ఎండకు పట్టి దారం ఎక్కించబోయాడు. చత్వారం వచ్చినట్టుంది, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి అవస్థ పడుతున్నాడు.

"నువ్వేం మనసులో పెట్టుకోవద్దు రా. లోపల యెవుడుండాడో నీకెట్ల తెలుస్తాది? పాపను యెవుడో తాకినాడని తోసినావు. బిడ్డ తండ్రి యెవుడైనా తోస్తాడు" అన్నాడు, సూది మీదినుంచి కళ్ళు తీయకుండా.

అమ్మ వేసిన దారే వాడూ వేసి పెట్టాడు నాకు. నడిచిపోవడమే తరువాయి. అవునన్నా అంటే సరిపోయేది. అన్నం మూత కింద పెట్టాను.

"గుర్తుపట్టినాన్నా. ముడి చూసి గుర్తుపట్టినా. పాపను తట్టినప్పుడు ఇంకా బాగా గుర్తుపట్టినా. గుర్తుపట్టే తోసినా."

సూది వాడి చేతిలో ఆగింది. కొండ మీదినుంచి ఎక్కడో మేకలు అరిచాయి.

"తెలుసు. నవ్వితివి గదా ఆ పొద్దు. నీకు నిజంగా నవ్వొస్తే అట్ల నవ్వవు" అన్నాడు చివరికి.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. వాడు నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! చెయ్యి చాపి సూదీ దారం నాకిచ్చాడు.

"ఎక్కించు. నాకు కనపడదు."

నాలుగుసార్లు తప్పి, ఐదోసారి ఎక్కించాను. వాడు కుట్టు వేసి, కొసన రెండు చుట్లు చుట్టి, దారం దువ్వి, ముడి విప్పాడు. తుమ్మపువ్వు. పన్లో పనిగా అన్నాడు:

"అమ్మ ఈ ఈడియో చూసే ఉంటాది. ఆయమ్మ ముడి గుర్తుపట్టకుండా ఉండదు. నేను ఇట్ల పడతాండానని తెలిసినా ఓర్చుకుంటాది, కష్టం గదా అది. నువ్వు తెలిసి తోసినావని మాత్రం యెప్పుడూ చెప్పొద్దు. అది ఓర్చుకోలేదు. నామింద ఒట్టు."

ఒట్టు వేశాను. పన్నెండున్నరకు గంట కొట్టారు. వాడు తలకాయ పెట్టుకుని, నా నెత్తిమీద రెండు తట్లు తట్టాడు. నొక్కలేదు. వరస దగ్గరికి కుంటుకుంటూ పోయాడు.

రంజాన్ అయ్యాక అన్న వీసా రద్దు చేయించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు రాయచోటిలో పరుపులు కుడుతున్నాడు. అమ్మ పక్కనే కూర్చుని దారాలు ఎక్కించి ఇస్తుంది.

నేను ప్రతి శుక్రవారం జుమ్మా తర్వాత ఫోన్ చేస్తాను. అమ్మ ఆ మాట ఈ మాట మాట్లాడి, ఆ వీడియో సంగతి ఇంకా ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉన్నారని చెప్తుంది. "నేను అందరికీ ఒకటే చెప్తా ఖాదరూ. నా కొడుకు గుర్తుపట్టలేదు, గుర్తుపట్టింటే తోసేటోడు కాదని. నిజమే గదా నాయనా?" అంటుంది.

వెనకాల అన్న దూది తట్టే చప్పుడు వినబడుతూ ఉంటుంది. నేను ఏం చెప్తానో అని ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది.

"నిజమే అమ్మా" అంటాను.